మెడికల్ ఎమర్జెన్సీకి హెలికాప్టర్ పిలిస్తే, దిగే చోటు ఎలా చూడాలి, ఎలా గుర్తు పెట్టాలి

రోడ్డు లేని కొండ ప్రాంతంలో క్యాంప్ నడుపుతున్నాం, ఎవరికైనా సీరియస్ అయితే హెలికాప్టర్ దిగడానికి చోటు ముందే చూసి పెట్టుకోవాలి, నేల మీద పెద్ద ఇంగ్లీషు హెచ్ అక్షరం గీసి నాలుగు మూలలా మంటలు వేస్తే సరిపోతుందా అని అడిగారు కదా. నేను చాలాకాలంగా నేల మీద నిలబడి హెలికాప్టర్లని దింపించే పనిలోనే ఉన్నానండి, కొత్తవాళ్ళకి నేర్పిస్తుంటా కూడా, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నా. మంటల సంగతి మాత్రం ముందే చెప్పేస్తా, వద్దు. రోటర్, అంటే హెలికాప్టర్ పైన తిరిగే పెద్ద రెక్కలు, దాని గాలి తగిలాక ఆ నిప్పు ఎటు ఎగిరిపోతుందో ఎవరి చేతిలోనూ ఉండదు, ఎండుగడ్డి ఉంటే ఇక చెప్పక్కర్లేదు.

చోటు వెతకమనగానే అందరూ కిందకి చూస్తారు, చదునుగా ఎక్కడుందా అని. చదును కావాల్సిందే, కానీ హెలికాప్టర్ అంటే లిఫ్టులాగా నిట్టనిలువుగా దిగి నిట్టనిలువుగా లేచేది అనుకోవడం దగ్గరే లెక్క తప్పుతుంది. అలా చెయ్యగలదు, కాకపోతే దానికి బోలెడు పవర్ కావాలి, మధ్యలో ఇంజన్ ఏమన్నా మొరాయిస్తే తప్పించుకునే దారీ ఉండదు, అందుకే ఏ పైలట్టూ ఇష్టపడడు. మామూలుగా అది ఎదురుగాలిలో ఏటవాలుగా దిగుతుంది, పోయేటప్పుడు కూడా ఎదురుగాలిలోనే ముందుకి కదులుతూ లేస్తుంది. అంటే మీరు చూడాల్సింది వచ్చే దారి, దిగే నేల, పోయే దారి, మూడూ కలిపి. నా దగ్గరికి వచ్చే ప్లాన్లలో నేల కొలతలు మీటర్లలో నీట్‌గా రాసుంటాయి, గాలి ఎటు నుంచి వీస్తుందో మాత్రం ఒక్క ముక్క ఉండదు, మొత్తం తిరగేసినా కనపడదు.

పవర్ గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఇది అర్థమైతే మిగతావన్నీ వాటంతటవే అర్థమవుతాయి. నేలకి దగ్గరగా, సుమారు రోటర్ వెడల్పు అంత ఎత్తు లోపల, గాల్లో నిలబడటానికి తక్కువ పవర్ సరిపోతుంది, గ్రౌండ్ ఎఫెక్ట్ అంటారు దీన్ని. ఆ ఎత్తు దాటితే ఆ సాయం పోతుంది. చుట్టూ చెట్లున్న గుంటలోంచి నిలువుగా పైకి రావాలంటే ఆ సాయం లేకుండానే చెట్లపైకి లాక్కోవాలి. ఎత్తైన కొండ మీద గాలి పల్చగా ఉంటుంది, మధ్యాహ్నం ఎండకి ఇంకా పల్చబడుతుంది, బ్లేడ్లకి పట్టు తగ్గుతుంది, ఇంజన్ శక్తీ తగ్గుతుంది. దీనికి తోడు వచ్చేటప్పుడు ఖాళీగా వచ్చింది పోయేటప్పుడు పేషెంట్‌ని ఎక్కించుకుని పోతుంది, అంటే దిగగలిగినంత మాత్రాన లేవగలదని కాదు. ఇది ఇవాళ్టి సమస్య కూడా కాదు, 1944 ఏప్రిల్లో బర్మాలో అమెరికా పైలట్ కార్టర్ హార్మన్ సికోర్స్కీ వైఆర్-4బి అనే చిన్న హెలికాప్టర్ మీద అడవిలో చిక్కుకున్న గాయపడ్డవాళ్ళని తీసుకొచ్చాడు, యుద్ధంలో హెలికాప్టర్‌తో అలా చెయ్యడం అదే మొదలు, ఆ వేడికి ఆ చిన్న ఇంజన్ ఒక్కొక్కరినే మోయగలిగింది, అందుకని మళ్ళీ మళ్ళీ తిరగాల్సి వచ్చింది. ఇప్పటి మెషిన్లు వేరే లెవెల్ అనుకోండి, ఫిజిక్స్ మాత్రం అదే. అందుకే ఫోన్లో పేషెంట్ బరువు ఎంత, ఎత్తు ఎంత అని అడుగుతారు, టైమ్ వేస్ట్ చేస్తున్నారు అనుకోకుండా కరెక్ట్‌గా చెప్పండి. రెండు చోట్లు ఉండి ఒకటి చెట్ల మధ్య లోయ అడుగున చక్కగా చదునుగా, ఇంకోటి గట్టు మీద కాస్త గరుకుగా, కానీ రెండు వైపులా ఓపెన్‌గా ఉంటే నేను గట్టే చూపిస్తా.

కొలతలకొస్తే, చిన్న, మధ్యస్థం సైజు ఎయిర్ అంబులెన్స్‌లకి పగలు 30 మీటర్లు పొడవు 30 మీటర్లు వెడల్పు ఖాళీ స్థలం అడగడం మామూలు, రాత్రి అయితే 40 దాకా పెంచితే మంచిది, మిలటరీ పెద్ద హెలికాప్టర్ వచ్చే అవకాశం ఉంటే 50 మీటర్లకి తగ్గకుండా చూడండి. మీ ఏరియాలో ఎవరి హెలికాప్టర్ వస్తుందో వాళ్ళని ముందే అడిగి వాళ్ళు చెప్పిన నంబరే ప్లాన్‌లో రాయండి, నేను చెప్పింది అంతకంటే తక్కువైనా ఎక్కువైనా వాళ్ళ మాటే ఫైనల్. వచ్చే వైపు, పోయే వైపు అడ్డాలకి పదింతల లెక్క గుర్తుపెట్టుకోండి, 10 మీటర్ల చెట్టు ఉంటే అది దిగే చోటు అంచు నుంచి 100 మీటర్ల దూరంలో ఉండాలి. నాలుగు దిక్కులా ఇలా దొరకడం కష్టం, గాలి ఎక్కువగా వీచే దిక్కూ దానికి ఎదురు దిక్కూ ఓపెన్‌గా ఉంటే చాలావరకు పని జరుగుతుంది.

ఇక వైర్లు. దీని మీద మాత్రం నేను ఎంత చెప్పినా తక్కువే. చెట్టు కనపడుతుంది, బండ కనపడుతుంది, తీగ కనపడదు, పైనుంచి చూసేవాడికి అసలే కనపడదు, ఎందుకంటే వెనకాల ఆకాశం కాకుండా నేల, చెట్లు ఉంటాయి, ఆ రంగుల్లో తీగ కలిసిపోతుంది. కాబట్టి తీగ కోసం వెతక్కండి, స్తంభాల కోసం వెతకండి. ఒక స్తంభం కనపడితే ఇంకోటి ఎక్కడో ఉన్నట్టే, రెండిటి మధ్యా తీగ ఉన్నట్టే, మీకు కనపడకపోయినా. స్తంభాన్ని పట్టి లాగిన స్టే వైరు, లోయకి అడ్డంగా సామాన్లు లాక్కోడానికి కట్టిన తాడు, బట్టలారేసే తీగ, కంచె, టవర్‌కి కట్టిన గై వైర్లు, అన్నీ లెక్కే. చోటు చుట్టూ ఒక 200 మీటర్లు పగటి వెలుగులో నడిచి చూడండి, ఇద్దరు వేర్వేరుగా చూస్తే ఇంకా మంచిది. ఉన్నవన్నీ ప్లాన్ స్కెచ్‌లో గియ్యండి, హెలికాప్టర్ వచ్చినప్పుడు పైలట్‌కి చెప్పే మొదటి మాట తీగల గురించే అవ్వాలి. ఎక్కడా వైర్లు లేకపోతే “వైర్లు లేవు, నడిచి చూశాం” అని ఆ మాట కూడా చెప్పండి, చెప్పకపోతే చూశారో లేదో వాళ్ళకెలా తెలుస్తుంది.

నేల విషయంలో ముఖ్యంగా రెండు చూడాలి, ఎగిరేవి ఏమున్నాయి, దాగినవి ఏమున్నాయి. రోటర్ కిందకి తోసే గాలి పెద్ద మెషిన్ అయితే గంటకి 100 కిలోమీటర్లు కూడా దాటుతుంది, టెంట్లు, టార్పాలిన్లు, రేకులు, దుప్పట్లు, టోపీలు, ప్లాస్టిక్ కవర్లు ఏవి ఉన్నా లేస్తాయి, లేచి రోటర్లోకి గానీ ఇంజన్లోకి గానీ పోతే పేషెంట్‌తో పాటు క్రూ ప్రాణాలూ పోతాయి. పేషెంట్‌కి చుట్టే వెండి రంగు పల్చటి ఫాయిల్ దుప్పటి ఉంటుంది చూడండి, దాన్ని నేను అసలు నమ్మను, వాడితే మామూలు దుప్పటి కింద పెట్టి పైన బెల్టులు బిగించాలి. పొడి మట్టి నేల అయితే చివరి కొన్ని మీటర్లలో దుమ్ము లేచి పైలట్‌కి కింద ఏమీ కనపడదు, నేల ఎటుందో ఆకాశం ఎటుందో తెలియదు, కొత్త మంచు మీదా ఇదే కథ. నీళ్ళుంటే బాగా తడిపెయ్యండి, మంచు అయితే గట్టిగా తొక్కండి, రెండూ కుదరకపోతే చిన్న గడ్డి ఉన్న చోటో, రాతి నేలో వెతకండి. పొడుగ్గా పెరిగిన గడ్డి పైనుంచి చూస్తే పరుపులా అందంగా ఉంటుంది, కింద మొద్దులు, బండలు, గుంటలు దాక్కుని ఉంటాయి, అందుకని ప్రతి అడుగూ నడిచి చూడాల్సిందే. నేల గట్టిదనం తెలియాలంటే మడమతో గట్టిగా తన్ని చూడండి, కాలు దిగబడితే స్కిడ్ కూడా, అంటే హెలికాప్టర్ కింద కాళ్ళలా ఉండే పొడుగు కడ్డీ, దిగబడుతుంది.

వాలు 5 డిగ్రీల లోపు ఉండాలి, అంటే 10 మీటర్లకి 90 సెంటీమీటర్ల కంటే తక్కువ తేడా. కొలవడానికి ఫోన్లో లెవెల్ యాప్ చాలు, పలక మీద పెట్టి రెండు మూడు చోట్ల చూడండి. ఎక్కువ వాలులో ఒక స్కిడ్ ముందు తగిలి అదే ఇరుసులా అయ్యి మెషిన్ పక్కకి దొర్లిపోయే ప్రమాదం ఉంది, పైలట్లు డైనమిక్ రోలోవర్ అంటారు, మొదలయ్యాక ఆపడం చాలా కష్టం.

గాలి స్పీడు చెప్పడానికి మీటర్ లేకపోయినా పర్లేదు. మొహానికి గాలి తగులుతోంది, ఆకులు కదులుతున్నాయి అంటే గంటకి సుమారు 10 కిలోమీటర్లు, దుమ్ము, కాగితాలు లేస్తూ చిన్న కొమ్మలు ఊగుతుంటే 20 నుంచి 28, చిన్న చెట్లు మొత్తంగా ఊగుతుంటే 30 నుంచి 38, పెద్ద చెట్లు ఊగుతూ ఎదురు నడవడం కష్టంగా ఉంటే 50 పైనే. దిక్కు చెప్పేటప్పుడు ఎప్పుడూ ఎటు నుంచి వస్తోందో చెప్పాలి, ఎటు పోతోందో కాదు, ఇక్కడ కన్ఫ్యూజ్ అయితే పైలట్ వెనకగాలితో దిగడానికి వస్తాడు. వెనకగాలితో నిటారుగా, మెల్లిగా దిగితే తన రోటర్ గాలిలో తనే కూరుకుపోయి పవర్ పెంచేకొద్దీ ఇంకా వేగంగా కిందకి పోయే పరిస్థితి వస్తుంది, కాబట్టి ఇది చిన్న విషయం కాదు. ఒక పొట్టి కర్రకి రంగు రిబ్బన్ గట్టిగా కట్టి దిగే చోటుకి బాగా పక్కగా, వచ్చే పోయే దారుల్లో లేకుండా పాతండి, దాన్ని చూస్తే మీకు డౌట్ వచ్చినా పైలట్‌కి రాదు.

ఇప్పుడు మీరు అసలు అడిగిన మార్కింగ్. నిజం చెప్పాలంటే చోటు బాగుంటే మార్కింగ్ తక్కువైనా నడుస్తుంది, చోటు బాలేకపోతే ఎంత పెద్ద హెచ్ గీసినా దండగే. పగలు నాలుగు మూలల్లో నేలకి అతుక్కున్నట్టు ఉండే రంగు గుర్తులు చాలు, గుడ్డలైతే నాలుగు అంచులా పెద్ద రాళ్ళు పెట్టాలి లేదా మేకులు దిగ్గొట్టాలి. సున్నం పొడితో గియ్యొద్దు, ఎగిరి కళ్ళల్లో పడుతుంది. అంచులు గట్టిగా బిగించలేని పరిస్థితి అయితే గుడ్డలు మొత్తానికే మానెయ్యండి. వాటన్నిటికంటే బెస్ట్ గుర్తు మనిషి. కళ్ళకి గాగుల్స్, చెవులకి రక్షణ పెట్టుకుని, కొట్టొచ్చినట్టు కనపడే రంగు జాకెట్ బిగించుకుని ఒకే ఒక్క మనిషి గాలి వచ్చే వైపు అంచున, గాలికి వీపు పెట్టి నిలబడి రెండు చేతులూ ఇంగ్లీషు వై అక్షరం ఆకారంలో పైకెత్తాలి. ఇది “అవును, సాయం కావాలి” అనే అంతర్జాతీయ గుర్తు. ఒక చెయ్యి పైకి, ఒక చెయ్యి కిందకి ఏటవాలుగా పెడితే “వద్దు” అని అర్థం, కాబట్టి ఆత్రంగా ఒంటి చేత్తో ఊపకండి, ఊపిరాడక పిలుస్తున్న మనిషిని చూసి మీరు బాగానే ఉన్నారనుకుని పైలట్ వెళ్ళిపోయినా తప్పు పట్టలేం. హెలికాప్టర్ దగ్గరికొచ్చాక ఆ మనిషి మోకాలి మీద కూర్చుని కదలకుండా ఉండిపోవాలి, దుమ్ములో, మంచులో పైలట్‌కి ఎత్తు, దూరం తెలియడానికి కనపడేది అతనొక్కడే. పక్కకి పరిగెత్తితే ఆ ఆధారం పోతుంది. ఏదైనా ప్రమాదం కనపడితే, ఎవరో మధ్యలోకి పరిగెత్తినా, ఏదన్నా ఎగిరినా, లేచి రెండు చేతులూ తల మీద అడ్డంగా దాటిస్తూ గట్టిగా ఊపండి, రేడియో ఉంటే “అబార్ట్”, అంటే దిగొద్దు ఆపెయ్యి, అని రెండు మూడు సార్లు అరవండి, కారణం తర్వాత చెప్పుకోవచ్చు.

రేడియో, ఫోన్ రెండూ లేని చోట నేల మీద గుర్తులు పనికొస్తాయి, ఇంగ్లీషు వి ఆకారం వేస్తే సాయం కావాలని, ఎక్స్ ఆకారం వేస్తే వైద్య సాయం కావాలని. కనీసం రెండున్నర మీటర్ల పొడవు ఉండాలి, నేల రంగుకి పూర్తిగా వేరుగా కనపడే రంగులో. పొగ బాంబు ఉంటే హెలికాప్టర్ చప్పుడు దగ్గరగా వినపడ్డాకే వెలిగించండి, అవి కొద్దిసేపే వస్తాయి, దిగే చోటుకి గాలి పోయే వైపు పెడితే పొగ చోటుని కమ్మదు. పగటిపూట చేతి అద్దం మెరుపు చాలా దూరం కనపడుతుంది, కానీ పైలట్ మిమ్మల్ని చూశాడని తెలిసిన క్షణం ఆపెయ్యండి.

రాత్రి వేరే ఆట. నాలుగు మూలల్లో నాలుగు లైట్లు, అయిదోది గాలి వచ్చే వైపు అంచు మధ్యలో, ఇది చాలాచోట్ల వాడే పద్ధతి, ఆ అయిదో లైటుని బట్టి పైలట్‌కి గాలి దిక్కు తెలిసిపోతుంది. లైట్లు నేలకి ఆనించి గట్టిగా ఉండాలి, ఏ ఒక్కటీ పైకి చూపించకూడదు, పైలట్ నైట్ విజన్ గాగుల్స్‌లో ఉంటే ఒక టార్చి చాలు కళ్ళు బైర్లు కమ్మడానికి. కొన్ని ఎల్ఈడీ లైట్లు ఆ గాగుల్స్‌లో సరిగా కనపడవు కూడా, మీ దగ్గర ఏ లైట్లున్నాయో ముందే చెప్పడం మంచిది. రెండు వాహనాలుంటే చోటుకి రెండు పక్కలా బయట పెట్టి హెడ్‌లైట్లు లో బీమ్‌లో చోటు మధ్యలో కలిసేలా తిప్పండి, బీమ్‌లు పైలట్ వచ్చే దారికి ఎదురుగా పడకుండా చూసుకోండి, దగ్గరికి వచ్చేటప్పుడు ఆర్పమంటే వెంటనే ఆర్పెయ్యండి, మెరిసే లైట్లు కూడా. ఫోటో ఫ్లాష్ వద్దు. లేజర్ పాయింటర్ అయితే ఎవరి చేతిలో కనపడినా లాక్కోండి. డ్రోన్ ఎగరేసే ఉత్సాహవంతుడు ప్రతి చోటా ఒకడు దొరుకుతాడు, హెలికాప్టర్ వస్తోందని తెలియగానే దింపించండి, ఇందులో మొహమాటం పడొద్దు.

లొకేషన్ చెప్పడంలో జరిగే గందరగోళం చెప్తా. 35.30 డిగ్రీలు వేరు, 35 డిగ్రీల 30 నిమిషాలు వేరు. రెండోది నిజానికి 35.50. అక్షాంశంలో ఒక డిగ్రీకి 60 నాటికల్ మైళ్ళు, అంటే ఆ తేడా 12 నాటికల్ మైళ్ళు, 22 కిలోమీటర్లు, కొండల్లో వేరే లోయకి వెళ్ళిపోయినట్టే. ఏ ఫార్మాట్‌లో చెప్తున్నారో ముందు చెప్పి అంకెలు ఒక్కొక్కటిగా చదవండి, అవతలివాళ్ళ చేత తిరిగి చదివించండి. డెసిమల్ డిగ్రీలైతే పాయింట్ తర్వాత 4 అంకెలు చాలు, సుమారు 11 మీటర్ల లోపు వస్తుంది. ఇది ముందే లామినేట్ చేసిన కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి క్యాంప్‌లో పెట్టండి, కంగారులో ఫోన్ తీసి వెతుక్కునే కంటే అదే నయం. ఆ కాగితంలోనే వైర్లు, చోటు ఎత్తు, గాలి మామూలుగా వీచే దిక్కు, దగ్గర్లో పైనుంచి కనపడే గుర్తులు, ఏ రేడియో చానెల్, ఎవరు మాట్లాడతారు, అన్నీ ఉండాలి. పైలట్‌తో మాట్లాడేది ఒక్కరే, ఇద్దరు మాట్లాడితే పైలట్ ఇద్దరినీ నమ్మడు. దిశలు కూడా పైలట్ వైపు నుంచి చెప్పండి, “మీ కుడి వైపు, మీ ముందు” అని.

దిగాక. ఇక్కడ జనం చేసే పని ఏంటంటే తలుపు తీయగానే స్ట్రెచర్ పట్టుకుని పరిగెత్తడం. ఆగండి. క్రూ దిగి చెయ్యి చూపించే దాకా ఎవరూ కదలకూడదు, మిగతా జనం 60 మీటర్ల అవతల ఉండాలి, పిల్లల్నీ జంతువుల్నీ ఇంకా దూరంగా పెట్టండి. వెనక టెయిల్ రోటర్ తిరిగేటప్పుడు కంటికి కనపడదు, కొన్ని మెషిన్లకి అది మనిషి తల ఎత్తులోనే ఉంటుంది, కాబట్టి వెనక వైపుకి ఎప్పుడూ పోకూడదు, ముందు నుంచి లేదా ముందు పక్క నుంచి, పైలట్ కళ్ళ ముందు నుంచే వెళ్ళాలి. స్ట్రెచర్ వెనక తలుపుల నుంచి ఎక్కించే మోడల్స్ ఉన్నాయి, వాటికి కూడా క్రూ మనిషి పక్కన ఉండి నడిపిస్తేనే. వాలు నేలైతే కింది వైపు నుంచే వెళ్ళండి, పై వైపు నుంచి వెళ్తే బ్లేడ్ల ఎత్తు మీ తలకి దగ్గరవుతుంది. రోటర్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు ఇంకా ప్రమాదం, బ్లేడ్లు గాలికి కిందకి వంగుతాయి, ఇంజన్ ఆగింది కదా అని దగ్గరికి వెళ్ళేవాళ్ళు దెబ్బ తినేది అప్పుడే. సెలైన్ స్టాండు, కర్ర, యాంటెనా ఏవీ నిలువుగా పట్టుకోవద్దు, అడ్డంగా, నడుము కంటే కింద. టోపీ తీసెయ్యండి, ఎగిరిపోతే దాని వెనకాల పరిగెత్తొద్దు.

అసలు దిగే చోటే లేక హాయిస్ట్‌తో, అంటే గాల్లో నిలబడి కేబుల్ దింపి పైకి లాగి, తీసుకెళ్ళాల్సి వస్తే, కేబుల్ చివర స్టాటిక్ కరెంట్ పోగై ఉంటుంది, అది నేలకి తాకాకే ముట్టుకోండి. కేబుల్‌ని చెట్టుకో రాయికో వాహనానికో ఎప్పుడూ కట్టొద్దు, అలా కడితే హెలికాప్టర్‌ని నేలకి కట్టేసినట్టే. మిగతాదంతా క్రూ చెప్పినట్టు చెయ్యడమే.

పేషెంట్‌ని అప్పగించాక మీ పని అయిపోయిందని చోటు ఖాళీ చెయ్యకండి. లేచిన తర్వాత వార్నింగ్ లైట్ రావచ్చు, పేషెంట్ పరిస్థితి మారవచ్చు, వెంటనే అదే చోటుకి తిరిగి దిగాల్సి రావచ్చు, కాబట్టి కనీసం 5 నిమిషాలు జనాన్ని అలాగే దూరంగా పెట్టి, రేడియో ఆన్‌లో ఉంచి, లైట్లు తియ్యకుండా ఉండండి. వచ్చే క్రూ వాళ్ళని ఖాళీ టైమ్‌లో ఒకసారి మీ క్యాంప్‌కి పిలిచి చోటు చూపించి వాళ్ళు దిద్దినవి ప్లాన్‌లో రాసుకోండి, సంవత్సరానికి ఒకసారి అదే చోటు మళ్ళీ నడిచి చూడండి, ఎందుకంటే చెట్లు పెరుగుతాయి, ఎవరో కొత్త స్తంభం పాతి ఉంటారు.